డీఎస్ఎల్ఆర్ కొని తప్పు చేశానా? ఫంక్షన్‌లో ఫోన్ ఫోటోలే బాగొచ్చాయి

బెజవాడ_తమ్ముడు
మూడు రోజుల నుంచి ఇదే ఆలోచన, ఎవరైనా తేల్చండి. రెండు నెలల క్రితం సెకండ్ హ్యాండ్‌లో ఒక డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా) తీసుకున్నా. అన్నిటికంటే చవక మోడలే. 24 మెగాపిక్సెల్, కెమెరాతో పాటే వచ్చే 18-55 కిట్ లెన్స్. కంపెనీ పేరు చెప్పను. చెబితే రెండు వర్గాలూ కొట్టుకుని నా ప్రశ్న మర్చిపోతారు.

మొన్న ఆదివారం అక్క కూతురి ఓణీల ఫంక్షన్, గుంటూరు లక్ష్మీపురంలో హాలు. స్టూడియో వాళ్లు ఉన్నా నేనూ మెడలో కెమెరా వేసుకుని తిరిగా. 400 పైనే తీశా. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే సగం షేక్. మిగతా సగంలో మొహాలు పసుపు రాసినట్టున్నాయి, పైగా ఇసక చల్లినట్టు గ్రెయిన్స్. అదే స్టేజీ మీద మా బావ ఫోన్‌తో తీసినవి అద్దంలా ఉన్నాయి. ఫ్యామిలీ గ్రూపులో అక్క పెట్టిన మెసేజ్: "తమ్ముడూ, నీవి తర్వాత చూద్దాంలే, ముందు బావ ఫోన్‌లోవి పంపించమను."

అమ్మేయాలా, ఉంచుకోవాలా?

ఫోన్_చాలు
అమ్మేయండి. నేను మూడేళ్ల క్రితమే అమ్మేశా. మెడనొప్పి కూడా పోయింది.

గుంటూరు_ఘాటు
400 తీశావా? స్టూడియో వాళ్లు నీ వీపు మాత్రమే తీసుంటారు ఆ రోజు.

తెనాలి_లెన్స్
పాడైన ఫోటో ఒకటి తీసుకుని దాని వివరాలు పెట్టండి. షట్టర్ (ఎంతసేపు తెరుచుకుంది), అపర్చర్ (లెన్స్ నోరు ఎంత తెరుచుకుంది, ఎఫ్ అంకె), ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత సున్నితంగా ఉంది), ఎన్ని ఎంఎం (ఎంత జూమ్). అవి లేకుండా ఎవరేం చెప్పినా సోదే.

బెజవాడ_తమ్ముడు
హారతి ఇస్తున్నప్పటిది. 1/20, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 3200, 55 ఎంఎం. ఫ్లాష్ వెయ్యలేదు. వేస్తే వీడియోలో పడుతోందని స్టూడియో అబ్బాయి గొణిగాడు.

తెనాలి_లెన్స్
ఈ నాలుగు అంకెల్లోనే అంతా ఉంది. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ నోరు పెద్దది. కిట్ లెన్స్ 18 దగ్గర ఎఫ్ 3.5 వరకు తెరుచుకుంటుంది. జూమ్ చేస్తూ 55కి వచ్చేసరికి ఎఫ్ 5.6 దాటి తెరుచుకోదు. అంటే మీరు మేనకోడలి మొహం దగ్గరగా కావాలని జూమ్ తిప్పే కొద్దీ కిటికీ తలుపులు మూసుకుంటూ పోయారన్నమాట. వెలుతురు చాలక కెమెరా షట్టర్‌ని 1/20కి దించేసింది. సెకండులో ఇరవయ్యో వంతు అంటే ఆలోపే హారతి పళ్లెం కదిలిపోతుంది.

లెన్స్‌లో స్టెబిలైజర్ ఉంది కదా అంటారేమో. అది మీ చేతి వణుకుని ఆపుతుంది, పిల్ల కదలడాన్ని ఆపదు.

ఇదే చోట 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ ఉంటే దాదాపు తొమ్మిదిన్నర రెట్ల వెలుతురు లోపలికొచ్చేది. అదే ఐఎస్ఓలో షట్టర్ 1/200 దాకా వెళ్లేది. షేక్ ఉండదు. ఇక మీ బావ ఫోన్ సంగతి. ఈ మధ్య ఫోన్లలో మెయిన్ కెమెరా లెన్స్ చాలావాటికి ఎఫ్ 1.8 చుట్టుపక్కలే. పైగా అది ఒక్క నొక్కుకి నాలుగైదు ఫ్రేములు తీసి కలిపి, మొహాలు నున్నగా చేసి ఇస్తుంది. మీ కెమెరా చూసింది చూసినట్టు ఇచ్చింది. అంతే తేడా.

ఫోన్_చాలు
అదే కదా నేనన్నది. వేలు పోసి కొన్న కెమెరాకి మళ్లీ ఇంకో లెన్స్ కొనాలంట. ఫోన్‌కి ఆ బాధ లేదు.

తెనాలి_లెన్స్
నిజమే. ఒప్పుకుంటా. కిట్ లెన్స్‌తో రాత్రి హాల్లో అయితే ఫోనే గెలుస్తుంది. వాదించను.

స్టూడియో_సుబ్బు
పదిహేనేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నా, నా అనుభవం చెబుతా. ఆ గొణిగిన అబ్బాయి మా వాడు కాదులెండి.

పసుపు మొహాల గురించి. స్టేజీ మీద ఒక రంగు లైటు, వెనక సీరియల్ సెట్లు ఇంకో రంగు, వీడియో లైటు మూడో రంగు. ఏది తెలుపో కెమెరా తనే తేల్చుకునే ఆటో వైట్ బ్యాలెన్స్‌కి మతిపోతుంది. హాల్లోకి వెళ్లగానే స్టేజీ లైటు కింద తెల్ల కాగితం ఫోటో ఒకటి తీసి, దాంతో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ పెట్టుకోండి. కొందరు పంతులుగారి పంచె వాడతారు. పంచెకి నీలిమందు ఎక్కువ పెట్టుంటే మొహాలన్నీ మళ్లీ పసుపే. అందుకని కాగితమే నయం. ఇంకా తేలిక దారి, రా ఫైల్‌లో (కెమెరా చూసిందంతా కుదించకుండా దాచే ఫైల్) తీసి ఇంటికొచ్చాక రంగు సరిచేసుకోవడం. జేపెగ్‌లో ఆ వెసులుబాటు తక్కువ.

ఇంకోటి. కొన్ని ఫోటోల్లో అడ్డంగా నల్ల చారలు వచ్చాయా? మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా లైట్లు సెకండుకి వందసార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, సెన్సర్‌కి తెలుస్తుంది. షట్టర్ 1/100 లేదా 1/50 దగ్గర పెడితే చాలావరకు పోతాయి.

బెజవాడ_తమ్ముడు
ఔను సుబ్బుగారూ, చారలు ఉన్నాయి! కెమెరా పాడైందనుకుని అవన్నీ డిలీట్ చేశా.

బీటెక్_బ్యాక్‌లాగ్
మధ్యలో దూరుతున్నా, సారీ. నేనూ చిన్న డీఎస్ఎల్ఆరే కొందామనుకుంటున్నా, కెనాన్ 1500డీ. చవక మాన్యువల్ ఫ్లాష్ ఒకటి, దాన్ని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్ ఒకటి కార్టులో పెట్టా. కాలేజీ ఫెస్ట్‌కి సరిపోతాయా?

స్టూడియో_సుబ్బు
ఆగు తమ్ముడూ, ఆర్డర్ పెట్టకు. 1500డీ, 3000డీ, 200డీ రెండో వెర్షన్, ఈ మోడళ్లలో పైన ఫ్లాష్ తగిలించే షూ మధ్యలో ఉండాల్సిన పెద్ద పిన్ను తీసేశారు. అన్ని కంపెనీల ఫ్లాష్‌లకీ సిగ్నల్ వెళ్లేది ఆ పిన్ను నుంచే. ఒక్క పిన్నుతో పనిచేసే చవక మాన్యువల్ ఫ్లాష్‌లు, మామూలు ట్రిగ్గర్లు వాటి మీద వెలగవు. కెనాన్ టీటీఎల్ (లెన్స్‌లోంచి వచ్చే వెలుతురు కొలిచి ఫ్లాష్ ఎంత వెలగాలో తేల్చే పద్ధతి) భాష తెలిసిన ఫ్లాష్ కావాలి, దాని రేటు వేరే. కొనే ముందు షాపులో షూ మీద వేలు పెట్టి చూడు. మధ్యలో రూపాయి బిళ్ల కన్నా చిన్న గుండ్రటి రాగి చుక్క తగలాలి.

బీటెక్_బ్యాక్‌లాగ్
కార్టు ఖాళీ చేశా. మీ కాళ్లకి దణ్ణం.

గుంటూరు_ఘాటు
బ్యాక్‌లాగ్‌లు కూడా ఇలాగే ఖాళీ చెయ్యి.

బీటెక్_బ్యాక్‌లాగ్
వీడియో ఎలా ఉంటుంది అన్నా? రీల్స్ కూడా చేద్దామని.

అద్దంలేని_మనిషి
రీల్స్ అయితే ఆ క్లాస్ డీఎస్ఎల్ఆర్ జోలికే వెళ్లకు. వ్యూఫైండర్‌లో (కన్ను ఆనించి చూసే కిటికీలో) చూసి తీసినంతసేపు ఫోకస్ టకీమని పడుతుంది. స్క్రీన్ మీద చూసి తీయాలంటే లోపలి అద్దం పైకి లేవాలి, అప్పుడు ఫోకస్ పద్ధతే మారిపోతుంది. 1500డీలో అది ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది, బస్టాండ్‌లో తప్పిపోయిన పిల్లాడిలా. వీడియో 1080పీ, 30 ఫ్రేములు, మైకు సాకెట్ లేదు, స్క్రీన్ తిరగదు, టచ్ కాదు. నికాన్ డీ3500లో 60 ఫ్రేములు వస్తాయి కానీ దానికీ మైకు సాకెట్ లేదు. 200డీ రెండో వెర్షన్‌లో మైకుంది, తిరిగే టచ్ స్క్రీనుంది, స్క్రీన్ మీదా ఫోకస్ గట్టిగా పడుతుంది. 4కే పెట్టావా, ఆ మంచి ఫోకస్ పనిచెయ్యదు, ఫ్రేమూ బాగా తెగిపోతుంది. 1080పీతోనే సరిపెట్టుకోవాలి.

అసలు ఈ కాలంలో కొత్తగా కొనేవాళ్లకి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) తప్ప వేరే మాటెందుకో నాకర్థం కాదు. కంటి మీద ఫోకస్ దానంతటదే పడుతుంది, ఫోటో ఎలా వస్తుందో తీయకముందే కనిపిస్తుంది. డీ3500ని నికాన్ ఆపేసింది కూడా.

తెనాలి_లెన్స్
పేరులోనే ఉంది మీ పక్షపాతం. కొత్తగా కొనే కుర్రాడికి మీ మాట కరెక్టే. కానీ తమ్ముడు ఆల్రెడీ కొన్నాడు. అందరూ మిర్రర్‌లెస్‌కి పోతున్నందువల్లే డీఎస్ఎల్ఆర్ లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. బ్యాటరీ కూడా చూడండి. డీ3500 ఒక చార్జికి కంపెనీ లెక్కలో 1550 ఫోటోలు, 1500డీకి 500. చిన్న మిర్రర్‌లెస్‌లు చాలావరకు మూడొందలు, నాలుగొందల దగ్గరే ఆగుతాయి. పెళ్లిలో తాళి కట్టే టైముకి బ్యాటరీ ఎర్రగా మెరిస్తే ఆ కంటి ఫోకస్ ఏం చేసుకుంటారు?

అద్దంలేని_మనిషి
రెండో బ్యాటరీ అని ఒకటుంటుంది సార్.

కొండపల్లి_బొమ్మ
మీ హాళ్ల గొడవ పక్కన పెడితే, కిట్ లెన్స్‌ని మరీ అంతలా తిట్టకండి. మా ఇంట్లో బొమ్మలు చేస్తారు, ఆన్‌లైన్‌లో అమ్మడానికి ఫోటోలు నేను తీస్తా. నాదీ ఇలాంటి చవక డీఎస్ఎల్ఆరే, అదే 18-55. మొదట ఫోన్‌తోనే తీసేదాన్ని. ఫోన్ రంగులు తనకి నచ్చినట్టు పెంచేది. దశావతారాల సెట్టు కొన్నావిడ "ఫోటోలో ఎరుపు వేరు, వచ్చింది వేరు" అని తిప్పి పంపింది.

ఇప్పుడు ఉత్తరం కిటికీ పక్కన బల్ల, మీద తెల్ల చార్టు. కెమెరా ట్రైపాడ్ మీద. ఎఫ్ 8, ఐఎస్ఓ 100, షట్టర్ ఒక్కోసారి పావు సెకండు కూడా పడుతుంది. పడనీ, బొమ్మ కదలదు కదా. నొక్కినప్పుడు కెమెరా ఊగకుండా రెండు సెకండ్ల టైమర్ పెడతా. పొణికి చెక్క మీద కుంచె ఎక్కడ ఆగిందో, ఏనుగు అంబారీ మీద చుక్క ఎక్కడ కొంచెం పక్కకి జారిందో కూడా కనిపిస్తుంది. మా మామయ్యగారు ఆ ఫోటో చూసి "ఈ చుక్క నేను పెట్టింది కాదు, నీ మరిది పెట్టాడు" అన్నారు.

తిప్పి పంపడాలు ఆగిపోయాయి.

ఫోన్_చాలు
అమ్మా, బొమ్మలకి ఓకే. బొమ్మలు చెప్పిన మాట వింటాయి. పిల్లలు వినరు.

ఉప్పలపాడు_కొంగ
పక్షుల వాళ్ల తరఫున నేను. గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల మీద గుత్తులు గుత్తులుగా ఉంటాయి. నాది 55-250 లెన్స్. కెనాన్ చిన్న సెన్సర్ మీద 1.6 రెట్ల లెక్క, అంటే 250 దగ్గర ఫుల్ ఫ్రేమ్‌లో (పెద్ద సెన్సర్ కెమెరాలో) 400 ఎంఎంతో చూసినట్టు. ఎండలో ఎఫ్ 5.6 అయినా ఫర్వాలేదు. 1/1000 పెడితే ఎగిరే కొంగ రెక్క ఈక ఈకా తెలుస్తుంది. ఈ పని ఫోన్‌తో చెయ్యమనండి చూద్దాం. కొంగ బదులు చుక్క వస్తుంది.

చిక్కు ఎక్కడంటే, 1500డీలో సెకండుకి మూడు ఫోటోలే. టక్, టక్, టక్, ఈలోపు కొంగ గూట్లో కూర్చుంటుంది. ఫోకస్ పాయింట్లు (ఫ్రేములో ఫోకస్ పట్టుకునే చోట్లు) తొమ్మిదే, అందులో గట్టిది మధ్యలోది ఒక్కటే. మధ్య పాయింటుతోనే పట్టుకుని తర్వాత క్రాప్ చేసుకుంటా, 24 మెగాపిక్సెల్ ఉంది కాబట్టి సరిపోతుంది. డీ3500లో సెకండుకి అయిదు, పాయింట్లు పదకొండు.

మిర్చి_యార్డు
మా యార్డులో ఫోటోలు తీస్తూ నేను చేసిన వెధవ పని చెబుతా, మీరు చెయ్యకండి. సీజన్‌లో ఎర్రటి కుప్పల మధ్య, హమాలీలు టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తుంటే, అక్కడే నిలబడి లెన్స్ మార్చా. కెమెరా ఆన్‌లోనే ఉంది, నోరు పైకి తెరుచుకుని ఉంది. ఇంకేముంది, మిరప దుమ్ము లోపలికి. అదే సమయానికి నాకు తుమ్ము కూడా వచ్చింది, ఎక్కడికి వెళ్లిందో అడగొద్దు.

తర్వాత ఆకాశం ఉన్న ప్రతి ఫోటోలో కుడి మూలన మూడు బూడిదరంగు మచ్చలు. ఎఫ్ 5.6లో కనబడవు, ఎఫ్ 16 పెడితే స్పష్టంగా కనబడతాయి. చవక మోడళ్లలో సెన్సర్ దుమ్ము దులిపే ఏర్పాటు చాలావాటికి ఉండదు. మెనూలో చేత్తో క్లీన్ చేసే ఆప్షన్ పెడితే అద్దం లేచి నిలబడుతుంది. కెమెరా నోరు కిందికి పెట్టి రబ్బరు బ్లోయర్‌తో కొట్టాలి. నోటితో ఊదితే ఉమ్ము పడుతుంది, అప్పుడిక సర్వీస్ సెంటరే గతి. రెండు మచ్చలు పోయాయి. మూడోది ఇంకా ఉంది, దానికి గుంటూరు సన్నం అని పేరు పెట్టుకున్నా.

గుంటూరు_ఘాటు
ఇంతకాలం ఘాటు నేననుకున్నా. పేరు నీకిచ్చేస్తా తీసుకో.

సింగ్‌నగర్_మేడ
దుమ్ము కన్నా మన ఊళ్లో తేమ పెద్ద శత్రువు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు ఇంట్లోకి వచ్చినప్పుడు కెమెరా బ్యాగు అటక మీదుంది కాబట్టి తడవలేదు. నీళ్లు తీశాక కూడా గోడలు నెలల తరబడి చెమ్మగానే ఉన్నాయి. సంక్రాంతికి తీసి చూస్తే లెన్స్ లోపల సాలెగూడులాంటి ఫంగస్. బ్యాగులో పెట్టి మూసేయడమే తప్పని తర్వాత తెలిసింది.

ఇప్పుడు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే తేమ పీల్చేసినట్టు. పాత మూకుడులో సన్నసెగ మీద వేడి చేస్తే మళ్లీ నీలం అవుతాయి. ఆ మూకుడు ఇంక వంటకి వాడకండి. బియ్యం డబ్బాలో పెట్టమనేవాళ్లు కూడా ఉన్నారు, బియ్యప్పిండి లెన్స్‌లోకి పోతుంది, వినకండి.

బెజవాడ_తమ్ముడు
ఇన్ని రిప్లైలు వస్తాయనుకోలేదు. తెనాలి గారి మాట మీద ఫ్రెండ్ దగ్గర 50 ఎంఎం ఎఫ్ 1.8 అడిగి తెచ్చా. నిన్న రాత్రి ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద మా అబ్బాయిని తీశా. మొదటిసారి వెనక బీరువా కరిగిపోయినట్టు వచ్చింది. మా ఆవిడ కూడా "ఇది మనిల్లేనా" అంది.

కానీ రెండు గొడవలు. ఒకటి, కొన్నిటిలో ముక్కు స్పష్టంగా ఉంది, కళ్లు మసక. రెండు, అమ్మా నాన్నా మా ఆవిడ పిల్లలు అందరినీ పట్టించాలంటే నేను వెనక్కి నడిచీ నడిచీ వంటింట్లో స్టవ్‌కి ఆనుకున్నా.

తెనాలి_లెన్స్
ముక్కు గొడవ ఎఫ్ 1.8 వల్ల. మీటరున్నర దూరంలో స్పష్టంగా ఉండే లోతు ఆరు సెంటీమీటర్లే. కెమెరాకి పాయింట్లన్నీ వదిలేస్తే దగ్గరున్నదాన్ని పట్టుకుంటుంది, దగ్గరున్నది ముక్కు. ఒకే పాయింటు పెట్టి కంటి మీద ఉంచండి. ఇద్దరు ముగ్గురుంటే ఎఫ్ 4కి వెళ్లండి.

స్టవ్ గొడవకి మందు లేదు. చిన్న సెన్సర్ మీద 50 అంటే నాలుగు మీటర్ల దూరం నుంచి అడ్డంగా రెండు మీటర్లు కూడా పట్టదు. గ్రూపు ఫోటోలకి మళ్లీ కిట్ లెన్సే, 18 దగ్గర, వరండాలో పగటి వెలుతురులో. నికాన్ డీ3500 వాళ్లు ఎవరైనా చదువుతుంటే, పేరులో డీ అని ఉన్న పాత 50 ఎంఎం లెన్స్ చవకని కొనకండి, ఆ బాడీలో మోటార్ లేదు, ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. జీ అని ఉన్నది తీసుకోండి.

ఫోన్_చాలు
గ్రూపు ఫోటో ఫోన్‌లో వైడ్ పెట్టి తీస్తే స్టవ్ దాకా వెళ్లక్కర్లేదు. ఊరికే గుర్తు చేస్తున్నా.

బెజవాడ_తమ్ముడు
వీడియో, అర్జెంటు గ్రూపు ఫోటో ఫోన్‌కే ఇచ్చేశా అన్నా, మీ మాట కొట్టెయ్యలేదు.

బెజవాడ_తమ్ముడు
మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నా. అక్క, మేనకోడలు ఇంటికొచ్చారు. పొద్దున్నే ఆరున్నరకి ప్రకాశం బ్యారేజీ దగ్గరికి తీసుకెళ్లా, పిల్ల మళ్లీ ఆ ఓణీయే వేసుకుంది. సూర్యుడు అప్పుడే పైకొస్తున్నాడు, నీళ్ల మీద పడవ ఒకటుంది. కిట్ లెన్సే, 35 ఎంఎం, ఎఫ్ 8, ఐఎస్ఓ 200, షట్టర్ 1/125. పిల్ల జడలో కనకాంబరాలు ఒక్కోటి విడివిడిగా లెక్కపెట్టొచ్చు. 12 బై 18 ప్రింట్ వేయించా. అదే సైజులో బావ ఫోన్‌ది, ఓణీల రోజుది కూడా వేయించాం. దూరం నుంచి రెండూ బాగున్నాయి, దగ్గరికెళ్తే ఫోన్‌ది జుట్టంతా ఒకటే ముద్ద, కాటుక తుడిచినట్టుంది.

అక్క నాదే ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టింది. కాకపోతే ఎడమ మూలన ఎవరో టీ కొట్టు ఆయన నీలం ప్లాస్టిక్ కుర్చీ కాలు ఉంది. తీసేటప్పుడు వ్యూఫైండర్‌లో అది లేనే లేదు, ఒట్టు.

ఉప్పలపాడు_కొంగ
ఉంది, మీకు కనబడలేదంతే. ఈ చవక బాడీల వ్యూఫైండర్ 95 శాతమే చూపిస్తుంది. మిగతా అయిదు శాతంలో కుర్చీలు ఉంటాయి. నాకు ఒక కొంగ ఫోటోలో ఎవరి చెప్పో వచ్చింది.

గుంటూరు_ఘాటు
ఫ్రేమ్ కట్టించేటప్పుడు మూల కొంచెం లోపలికి మడిచెయ్యమనాల్సింది.

బెజవాడ_తమ్ముడు
అక్క ఒప్పుకోలేదు. పొద్దున టీ తాగింది ఆ కుర్చీలోనేనట.